ప్రయోగశాల తపస్వి – యల్లాప్రగడ సుబ్బారావు

రోగికి మందునిచ్చే చేయి అందరికీ కనిపిస్తుంది. ఆ మందును వెదకి, పరీక్షించి, నిగ్గు తేల్చిన చేయి ఎవరికీ కనిపించదు. అట్టి అజ్ఞాత సేవకులలో అగ్రగణ్యులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. బాల్యం పేదరికంలో గడిచింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల వ్యవధిలోనే బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అందువల్ల ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

1920 దశకం తొలినాళ్ళలో ఆయన అమెరికా చేరి హార్వర్డ్ వైద్య విద్యాలయంలో పరిశోధనకు పూనుకొన్నారు. 1925లో ఫిస్కేతో కలసి శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఊహించి చెప్పడం కాక, కొలిచి చెప్పడమే ఆయన శాస్త్రదీక్ష. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, ఫోలిక్ ఆమ్లం తయారీకి, బోదకాలును అరికట్టే హెట్రజాన్ మందుకు మార్గదర్శకులయ్యారు. నల్గొండ వంటి జిల్లాలలో ప్రభుత్వం ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్రలలోని మందు అదే.

ఆయన నేతృత్వంలోని ప్రయోగశాలలో డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పలుచోట్ల మట్టిని సేకరించి, అందులోని సూక్ష్మజీవులలో ఏవి రోగక్రిముల పెరుగుదలను అడ్డుకొంటాయో పరీక్షించారు. మిస్సోరి రాష్ట్రపు మట్టిలో బంగారు వర్ణపు సూక్ష్మజీవి ఒకటి లభించింది. దాని నుండి వెలువడినదే ఆరియోమైసిన్. 1948లో లోకానికి అందిన ఈ ఔషధం టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆద్యం. పెన్సిలిన్‌కు లొంగని పలు క్రిములు దీనికి లొంగాయి. అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

అయితే క్రిములు ఓటమిని శాశ్వతంగా అంగీకరించవు. మందును అవసరం లేకున్నా వాడినకొద్దీ దానిని తట్టుకోగల క్రిములే మిగిలి వృద్ధి చెందుతాయి. అందుకే నేటి ఆసుపత్రి ప్రయోగశాల, రోగి రక్తం, మూత్రం, చీము వంటి నమూనాలలోని క్రిమిని పెంచి, దానిపై మందు బిళ్ళలను ఉంచుతుంది. బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని కొలిచి, ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో నివేదికలో తెలుపుతుంది. ఈ నివేదిక వైద్యుని కలాన్ని మలుపు తిప్పుతుంది. ఫలితం రాకముందు తప్పనిసరై మొదలుపెట్టిన బలమైన మందును మాని, చాలినంత మేరకే పనిచేసే సామాన్యమైన మందుకు మారే వీలు కల్పిస్తుంది. సామాన్యమైన మందులు పనిచేసే చోట వాటినే పేర్కొని, చివరి ఆయుధం వంటి మందుల ఫలితాలను అవసరమైనప్పుడే తెలిపే పద్ధతిని పాటించే ప్రయోగశాలలు ఉన్నాయి. ఏ మందు పేరు నివేదికలో కనిపిస్తే వైద్యుని దృష్టి దానిపైకే పోవడం సహజం గదా!

2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్గొండలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. మీలో కొందరు రేపు అటువంటి చోట చదివి వైద్యులు కావచ్చు. మరికొందరు నివేదికను సిద్ధం చేసేవారు కావచ్చు. ఔషధాన్ని కనుగొనడం ఒక తరం తపస్సు. దాని శక్తి తరగకుండా కాపాడటం తరువాతి తరాల బాధ్యత. కొలిచి తెలుసుకొన్న పిమ్మటే మందు వాడటమే సుబ్బారావుగారికి మనం అర్పించగల నిజమైన నివాళి.