మొదటి ఉద్యోగం నాటి లలితమ్మ

మా హాస్టల్లో చదివి, కర్నూలు, కడపల్లో బీటెక్ చేస్తున్న తండా అమ్మాయిలు మొదటి ఉద్యోగం అనగానే జీతమెంత అంటారు. నేను అయ్యలసోమయాజుల లలితగారి సంగతి చెబుతాను.

1919లో మద్రాసులో తెలుగింట పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు. చంకలో నాలుగు నెలల పాప. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ప్రొఫెసరైన నాన్న పప్పు సుబ్బారావుగారు పైవాళ్లను ఒప్పించి సీటు ఇప్పించారు. అంతమంది మగపిల్లల్లో మొదట ఆమె ఒక్కరే ఆడపిల్ల. (మీరు రూములో జాగా చాలదని నా దగ్గరికొస్తారు!) పట్టా మీద మగవాళ్ల కోసం అచ్చేసిన మాటను కొట్టేసి, ఆమె కోసం చేత్తో దిద్దారు.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ అయ్యాక 1944లో సిమ్లా సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో చేరారు. అక్కడ సోదరుడి ఇల్లుంది, పాపకు అయినవాళ్ల తోడు. ఉద్యోగం వెతికేటప్పుడు ఆమె చూసుకున్నది అదే.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌కు మారారు. కరెంటు లైన్లకు, సబ్‌స్టేషన్లకు డిజైన్లు గీసే పని. భాక్రా నంగల్ పనుల్లోనూ పాలుపంచుకున్నారు. అక్కడ కుదురుకున్నాక మరో చోటు వెతుక్కోలేదు, సుమారు ముప్పయ్యేళ్లు అక్కడే. 1964లో మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సదస్సుకు న్యూయార్క్ వెళ్లొచ్చారు. 1979లో కన్నుమూశారు.