శిశు సంరక్షకురాలు డాక్టర్ జోసఫిన్ బేకర్

వ్యాధి వచ్చిన పిమ్మట మందిచ్చుట వైద్యధర్మము. వ్యాధి రాకముందే పేదల గడపకేగి బిడ్డను కాపాడుట అంతకంటె మిన్నయని ఆచరణలో చూపిన మహనీయురాలు డాక్టర్ సారా జోసఫిన్ బేకర్.

ఆమె 1873వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు పకీప్సీ పట్టణమున కలవారి ఇంట జన్మించెను. ఆమె పదునారవ యేట తండ్రి టైఫాయిడు జ్వరముతో మరణించెను. కుటుంబభారము తనపై పడగా, స్త్రీలు వైద్యము నభ్యసించుట అరుదైన ఆ కాలమున ఆమె న్యూయార్కు మహిళా వైద్యకళాశాలలో చేరి 1898లో పట్టము పొందెను.

1901లో నగర ఆరోగ్యశాఖలో ఉద్యోగినియై ఆమె పేదవాడలు తిరుగజొచ్చెను. గాలి వెలుతురు చొరని ఇరుకు గదులలో, వలసవచ్చిన కూలిజనుల పసికందులు ప్రతి వేసవియందును అతిసారముచే రాలిపోవుచుండిరి. అది విధివ్రాతయని తల్లులు కన్నీరు దిగమ్రింగుచుండిరి. విధి కాదు, తెలియమియే కారణమని ఆమె గ్రహించెను.

1908 వేసవిలో ఆమె ఒక పేదవాడను ఎన్నుకొని, బిడ్డ పుట్టినట్లు నమోదు కాగానే ఆ యింటికి నర్సును పంపెను. చనుబాలిచ్చుట, స్నానము చేయించుట, పలుచని బట్టలు తొడుగుట, కిటికీలు తెరచియుంచుట మున్నగునవి నర్సులు తల్లులకు నేర్పిరి. ఇందుకు తల్లులు ఒక్క కాసైనను చెల్లింపనక్కరలేదు. వేసవి ముగిసి లెక్కచూడగా, ఆ వాడలో వెనుకటి యేటికంటె 1200 మరణములు తగ్గెను. ఆ యేడే నగరమున శిశు ఆరోగ్యశాఖ ఏర్పడెను. ఆమె దానికి అధినేత్రి యయ్యెను.

పిదప ఆమె పేదబిడ్డలకు శుభ్రమైన పాలు లభించు కేంద్రములు నెలకొల్పెను. మంత్రసానులకు శిక్షణ నిప్పించెను. నవజాతశిశువుల కన్నులలో వేయు మందు సీసాలలో నిలువయుండి చిక్కబడి హాని చేయుచుండగా, ఒక్కొక్క మోతాదును తేనెమైనపు గొట్టములలో నిమిడ్చి ఎందరినో అంధత్వమునుండి కాపాడెను. తల్లులు కూలికి పోవగా తమ్ములను చెల్లెండ్రను సాకు బాలికలను సంఘములుగా చేర్చి శిశుపోషణ నేర్పించెను.

ఆటంకములు లేకపోలేదు. స్త్రీ క్రింద పనిచేయలేమని సహవైద్యులు కొందరు రాజీనామాకు సిద్ధపడిరి. ఒక్క నెల ఓపికపట్టి చూడుడని ఆమె కోరగా వారు నిలిచిపోయిరి. బిడ్డలు ఆరోగ్యముగా నుండుటచే తమ రాబడి తగ్గుచున్నదని బ్రూక్లిన్ వైద్యులు కొందరు నగరాధ్యక్షునకు విన్నపము పంపిరి. అది తన పనికి లభించిన ప్రశంసగా ఆమె భావించెను.

1923లో ఆమె పదవి విరమించునాటికి, అమెరికాలోని మహానగరములలో శిశుమరణములు న్యూయార్కులోనే మిక్కిలి తక్కువ. ఆమె 1945లో కీర్తిశేషురాలయ్యెను.

ఆమె పంచినది ఖరీదైన ఔషధము కాదు, జ్ఞానము. పుస్తకములందున్న విద్య గుడిసెలోని తల్లికి చేరినపుడే బిడ్డ బ్రదుకును. ఆ చేర్చెడి పనియే ఆమె జీవితము.