మైదానమే తరగతి గది: రహీమ్ సాహెబ్ జీవితం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో 1951 మొదలు 1962 వరకు గడచిన కాలాన్ని స్వర్ణయుగంగా పేర్కొంటారు. ఆ యుగానికి మూలపురుషుడు రహీమ్ సాహెబ్‌గా ప్రసిద్ధిగాంచిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. ఆయన ఘనవిజయాల రహస్యం ఆ వృత్తిలోనే ఉన్నదని చెప్పవచ్చును.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది.

ఆయన శిక్షణ విధానం ఉపాధ్యాయులందరికీ అనుసరణీయం. నేర్పదలచిన నైపుణ్యం ఏదో ముందుగా నిర్ణయించి, అది లేనిదే ఆట సాగని విధంగా నియమాన్ని కల్పించేవారు. డ్రిబ్లింగ్‌ను, అనగా బంతిని తన కాలివద్దనే ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకొంటూ సాగడాన్ని, నిషేధించి పోటీలు నడిపారు. అందువల్ల బంతిని వెంటనే తోటివానికి అందించక తప్పేది కాదు. బలహీనమైన కాలితోనే ఆడవలెనన్న నియమంతో మరికొన్ని పోటీలు జరిపారు. కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలికి పని చెప్పవలసి వచ్చేది. ఉపన్యాసం నేర్పలేని దానిని ఆ నియమమే నేర్పింది. అభ్యాసము కూసువిద్య అన్న మన పెద్దల మాటకు ఇంతకంటె నిదర్శనం ఏముంటుంది?

1951లో ఢిల్లీలో ఇరాన్‌ను ఓడించి మన జట్టు ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో పరాజయం పాలయింది. అప్పటికి మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే ఆడేవారు. ఆ ఓటమి పిదప బూట్లు తప్పనిసరి అయినవి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా మన జట్టు కీర్తి గడించింది.

1962 జకార్తా ఆసియా క్రీడలలో మనవారు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయారు. రక్షణ శ్రేణిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయనను పక్కన కూర్చుండబెట్టక, ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో ఓడించినప్పుడు, ఒక గోలు పి.కె. బెనర్జీ చేయగా రెండవది జర్నైల్ చేసినదే.

పది మాసాలైనా నిండకమునుపే, 1963 జూన్ 11న, రహీమ్ క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. ఆ పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి తిరిగి దక్కలేదు.

ప్రతి విద్యార్థికీ బలహీనమైన కాలు ఒకటి ఉంటుంది. ఒకరికి గణితం, మరొకరికి నలుగురిలో మాట్లాడటం. దానిని మందలించక, దానికి పని కల్పించడమే గురువు కర్తవ్యమని రహీమ్ సాహెబ్ జీవితం బోధిస్తున్నది. ఈ వజ్రోత్సవ సంచికను చదివే తల్లిదండ్రులూ, సహోపాధ్యాయులూ, పూర్వవిద్యార్థులూ మన ఆటస్థలాన్ని ఆ దృష్టితో చూడవలెనని నా ఆకాంక్ష.