డిగ్రీ లేని పక్షుల మాస్టారు

సలీం అలీ 1896లో బొంబాయిలో పుట్టారు. ఊహ తెలిసేలోపే తల్లీతండ్రీ పోతే మేనమామ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళడం, అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ చేరదీయడం చాలామందికి తెలిసిన కథే. నాకైతే ఆ తర్వాతి కథ ఇంకా ఇష్టం.

ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు. అందుకే జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. మ్యూజియంలో గైడ్‌గా చేరారు. సెలవు పెట్టి బెర్లిన్‌లో స్ట్రెస్‌మన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొస్తే, ఆ గైడ్ పోస్టే తీసేశారు! పెళ్ళయింది, వయసు ముప్పై దాటింది, చేతిలో పని లేదు. ప్లేస్‌మెంట్ టెన్షన్‌లో ఉన్న మనకు ఆ పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడాయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పెట్టారు. జీతం వద్దు, ఖర్చులిస్తే చాలు, మీ ప్రాంతంలోని పక్షులన్నిటినీ సర్వే చేస్తానని. మొదటి సర్వే మన హైదరాబాద్ సంస్థానంలోనే, 1931-32లో. భార్య తెహ్మినా కూడా క్యాంపుల వెంట తిరిగారు. అప్పటికి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయే పడలేదు, అది 1934లో.

మా ముషీరాబాద్ నుంచి తార్నాక వైపు వెళ్తూ, వానలు తగ్గాక క్యాంపస్ గడ్డిలో నీళ్ళు నిలిచిన చోట నేను ఆగుతుంటాను. అక్టోబర్‌లో అక్కడ తోకాడిస్తూ తిరిగే వాగ్‌టెయిల్‌ని గుర్తుపట్టడానికి నాకు ఫోన్ కెమెరా చాలు. ఆయన కాలంలో రుజువు కావాలంటే పిట్టను కాల్చి, చర్మం ఒలిచి భద్రపరచాల్సిందే. హైదరాబాద్ సర్వేలోనూ అదే చేశారు. ఆ నమూనాలను ఇంగ్లండ్‌లో విస్లర్ పరిశీలించారు. చదువుతుంటే మనసుకు కష్టంగానే ఉంటుంది.

తెహ్మినా 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత చనిపోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1941లో ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ వచ్చింది.

1960లలో భరత్‌పూర్ చిత్తడి నేలల్లో ఆయన బృందం చేసిన పని వేరు. వలస బాతుల్ని ప్రాణాలతో పట్టి, కాలికి నంబరున్న రింగు తొడిగి వదిలేసేవాళ్ళు. వాటిలో కొన్ని సైబీరియాలో దొరికాయి. మన చెరువుల మీద దిగే బాతులు ఎక్కడివో ఊహగా కాక నంబరుతో సహా తెలిసింది అలాగే.

1987లో తొంభయ్యేళ్ళ వయసులో పోయారు. సొసైటీ రింగులు మాత్రం ఇప్పటికీ ఎగురుతున్నాయి. ఏ చెరువు దగ్గరైనా పక్షి కాలికి రింగు కనిపిస్తే నంబరు, తేదీ, చోటు రాసుకుని బొంబాయికి తెలియజేయండి.