చదరంగ వీరుడు సుల్తాన్ ఖాన్

చదరంగమునందు గెలుపోటములే కాక, ఇరువురును సమానులుగా నిలిచి ముగించు ఆటలును కలవు. అట్టి ఆట నిష్ఫలమని కొందఱు తలంతురు. కాని మహాబలుని యెదుట తలవంచక నిలుచుటయు నొక విజయమే. మీర్ సుల్తాన్ ఖాన్ చరిత్రము ఇందుకు తార్కాణము.

ఆయన ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో పంజాబునందలి మిఠా టివానా గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు పాకిస్తానులో నున్నది. తొమ్మిదవయేట తండ్రియొద్ద దేశీయ చదరంగము నేర్చెను. అందు బంటు తొలి యెత్తునందును ఒక్క గడియే కదలును. పాశ్చాత్యుల ఆటలో వలె రాజునకు కోట కట్టు పద్ధతి లేదు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అను జమీందారు ఆ యువకుని ప్రతిభను గుర్తించి, ఆశ్రయమిచ్చి, పాశ్చాత్య పద్ధతిని నేర్పించెను. 1928లో సుల్తాన్ ఖాన్ అఖిల భారత పోటీయందు ఒక్క ఆటయు నోడక ప్రథముడయ్యెను.

1929లో ఆయన తన పోషకునితో లండను నగరమునకు వెళ్లెను. అచటి చలి సరిపడలేదు. మలేరియా జ్వరము తఱచు బాధించుచుండెను. పాశ్చాత్యులు గ్రంథములలో నేర్చిన ప్రారంభపుటెత్తులు ఆయనకు క్రొత్తవి. అందుచే ఆట మొదట వెనుకబడినను, ఓర్పుతో నిలిచి, చివరి ఘట్టమున ప్రత్యర్థిని లొంగదీయుచుండెను. ఆ సంవత్సరముననే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యెను. 1930-31 హేస్టింగ్సు పోటీలో, పూర్వము ప్రపంచ విజేతయైన కాపబ్లాంకాను ఓడించెను.

1931లో ప్రాగ్ నగరమున వివిధ దేశముల జట్లకు పోటీ జరిగెను. సుల్తాన్ ఖాన్ ఇంగ్లండు జట్టున మొదటి బల్లపై ఆడెను. అచట ఆయన యెదుట కూర్చున్నవారిలో నాటి ప్రపంచ విజేత అలెఖిన్ ఒకడు. ఒకవైపు ప్రారంభపుటెత్తుల శాస్త్రమును మథించిన పండితుడు. మఱియొకవైపు ఆ పద్ధతితో కొద్ది యేండ్ల పరిచయము మాత్రమే గల భారతీయుడు. అలెఖిన్ గెలువలేకపోయెను. ఆట డ్రాగా ముగిసి, ఇరువురకును చెరి అరపాయింటు దక్కెను. ఆ పోటీలో సుల్తాన్ ఖాన్ 17 ఆటలాడి, 8 గెలిచి, 7 డ్రా చేసి, రెండు మాత్రమే ఓడెను.

1932, 1933 సంవత్సరములలో ఆయన మరల బ్రిటిష్ ఛాంపియన్ అయ్యెను. 1933 చివర పోషకుడు స్వదేశమునకు మరలగా, ఆయనయు మరలవలసివచ్చెను. ఎందఱో మేటి ఆటగాండ్రకు లొంగనివాడు, తన పయనమును తాను నిర్ణయించుకొనలేకపోయెను. ఐరోపా పోటీలలో మఱెన్నడును ఆయన కానరాలేదు.

1966 ఏప్రిల్ 25వ తేదీన సుల్తాన్ ఖాన్ సర్గోధాలో పరమపదించెను. జీవితకాలమున దక్కని గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదమును ప్రపంచ చదరంగ సమాఖ్య 2024లో ఆయనకు ప్రకటించెను. ప్రతిభకు గుర్తింపు ఆలస్యముగా లభింపవచ్చును. ఓర్పుతో ఆడిన ఆట మాత్రము మఱుగున పడదు.