భీమా బండలపై నివేదిక రాసిన ఫుట్ దొర

తాండూరు: ఇంటి అరుగుకు, బడి వరండాకు, పశువుల కొట్టానికి పరచిన నాపరాయిని ఈ ప్రాంతం వారు రోజూ తొక్కుతూనే ఉంటారు. లోతు తక్కువ సముద్రం అడుగున కోట్ల ఏళ్ల క్రితం పేరుకున్న సున్నపు బురదే ఈ బండ. ఈ రాతి పొరలకు శాస్త్రంలో ‘భీమా శ్రేణి’ అని పేరు. వాటిపై నివేదిక రాసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించారు. 1858లో, 24 ఏళ్ల వయసులో, భారత జియలాజికల్ సర్వేలో చేరి మద్రాసు వైపు పనికి వచ్చారు. అది కుర్చీలో కూర్చుని చేసే కొలువు కాదు. వాగు కోసిన గట్టు, కొత్తగా తవ్విన బావి, కొండ చరియ ఏది కనబడినా ఆగి, ఏ రాతిపై ఏ రాయి ఉందో చూసి పటంలో గుర్తించాలి. ఈ పనిలోనే ఆయన 33 ఏళ్లు గడిపారు.

1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లవరంలో ఎర్ర కంకరలో ఆయనకు ఒక రాతి గొడ్డలి దొరికింది. రాతియుగపు మనిషి ఈ దేశంలోనూ బతికాడని దానితో రుజువైంది. అదే ఏడు సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లు కనుగొన్నారు. అక్కడివి 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

భీమా నది పరిసరాల రాళ్లపై ఫుట్ నివేదిక 1876లో వెలువడింది. ఆ శ్రేణి తూర్పు కొసనే తాండూరు ఉంది. కాగ్నా నది కూడా భీమాలోనే కలుస్తుంది. 1884లో కర్నూలు జిల్లా బిల్లసుర్గం గుహల తవ్వకాల్లో ఆయన కుమారుడు కూడా పాల్గొన్నాడు. 1891లో సర్వే నుంచి విరమించాక బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేశారు. ఆయన సేకరించిన పురాతన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియం తీసుకుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశారు.

ఫుట్ నడిచి నేర్చిన విద్యను నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగోళ, భూగర్భ శాస్త్రాలుగా చదువుకోవచ్చు. భూగర్భ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవారు యూపీఎస్సీ జియో సైంటిస్టు పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలోనూ, కేంద్ర భూగర్భ జల బోర్డులోనూ ఉద్యోగం పొందవచ్చు. గనుల శాఖ, సిమెంటు కర్మాగారాల్లోనూ అవకాశాలున్నాయి. భూగోళం చదివినవారికి ఉపాధ్యాయ వృత్తితోపాటు పటాల తయారీ, ఉపగ్రహ చిత్రాల పరిశీలన దారులు తెరిచి ఉన్నాయి.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి బలం ఈ నేలే. కరణ్‌కోట్ సిమెంటుకు ముడిసరుకు ఈ సున్నపురాయే. గనుల్లో బండ తీసే కష్టం ఇక్కడి కుటుంబాలకు తరాలుగా తెలుసు. ఏ పొర ఎంత లోతుకు పోతుంది, ఎక్కడ తవ్వితే ఊరి బావికి ముప్పు అన్నది తేల్చి చెప్పగల చదువు కూడా ఆ ఇళ్ల పిల్లలకు అందితే, ఈ నేల మీద నిర్ణయాల్లో ఊరి మాటకు విలువ ఉంటుంది.