మధుకర మెత్తిన బాలుడు

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922వ సంవత్సరమున గుడివాడ చేరువనున్న చౌటపల్లి యందు జన్మించెను. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగములు పాడుచుండగా ఈ పసివాడు వానికి తగినట్లు అడుగులు వేయుచు నృత్యము చేయుచుండెడివాడు. కుమారుడు గొప్ప గాయకుడు కావలెనని కోరుచు ఆయన అకాలముననే మరణించెను.

ఆ కోరిక బాలుని నిలువనీయలేదు. తన ఉంగరము నమ్మి, ఆ పైకముతో విజయనగరము చేరెను. అచ్చట 1919లో స్థాపింపబడిన మహారాజావారి సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. బాలుడు వచ్చునప్పటికి అధ్యక్షులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. కాని అది వేసవి, కళాశాలకు సెలవులు!

సాలూరు చినగురువుగారని ప్రసిద్ధులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు వానిని చేరదీసి పాఠము చెప్పిరి. వారును పేదవారే. విద్య దొరకినది, అన్న మెట్లు? బాలుడు జోలె తగిలించుకొని ఇంటింట మధుకర మెత్తెను. ఆ కాలపు పేద విద్యార్థులకు అది తప్పు కాదు. అయినను తొలినాడు పరాయి వాకిట నిలుచుటకు ఎంత సిగ్గుపడెనో! మిగిలిన అన్నము గుడ్డలో మూటగట్టగా చీమలు పట్టెడివనియు, వానిని విదిలించి తినెడివాడనియు చెప్పుదురు.

పిమ్మట కళాశాలలో చేరి, నాలుగేండ్ల చదువు రెండేండ్లలో ముగించెను. 1942 ఉద్యమమున చెరసాలకేగెను. సినిమా పాటలచే ఇంటింట ఎరుకపడెను. 1970లో పద్మశ్రీ పొందెను. 1974లో మద్రాసున గతించెను. చాలకాలము ఆయన కచ్చేరీలలో హార్మోనియము వాయించిన సంగీతరావుగారు ఆ గురువుగారి కుమారులే.